తకిట తకధిమి

కర్లపాలెంలో మా భజన బృందానికి ఢోలక్ వాయించే కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. బాపట్లలో వాయించేవాళ్ళున్నా పెళ్ళిళ్ళ రోజుల్లో చేతికి చిక్కరు. చివరికి దరువు కోసం కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి. వాటిలో రాక్ డ్రమ్స్ అద్భుతంగా పలుకుతాయి. కానీ నాకు కావలసింది మిశ్రచాపు తాళం. ఏడు అక్షరాలు, మూడూ నాలుగుగా విరిగే నడక. ఉచితంగా దొరికే హైడ్రోజన్ అనే డ్రమ్ సాఫ్ట్‌వేర్ దగ్గర ఆగింది అందుకే. తెరవగానే పదహారు గళ్ళు, నాలుగు దెబ్బల లెక్క. ప్యాటర్న్ పొడవు మార్చుకుంటే తకిట తకధిమి హాయిగా ఒదిగిపోయింది.

పైగా అందులో సొంత శబ్దాలు ఎక్కించుకోవచ్చు. అటక మీది పాత ఢోలక్ దించి, పెద్ద వైపు అరచేత్తో, చిన్న వైపు వేలికొనలతో కొట్టి ఫోన్లో రికార్డు చేశాను. ఒక్కో దెబ్బా విడిగా, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. కాకి అరుపు పడిన నాలుగింటిని తీసేశాను. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్ఎమ్-1 యంత్రం చేసిందీ ఇదే: నిజమైన డ్రమ్స్ శబ్దాలను చిప్పుల్లో దాచి వాయించడం.

అయినా హైడ్రోజన్ గడియారంలా కొడుతుంది. మనిషి చెయ్యి వెంట్రుకవాసి ముందో వెనకో పడుతుంది, భజన ఊగేది ఆ తేడాలోనే. హ్యూమనైజ్ మీట కొంచెం తిప్పితే దెబ్బలు కాస్త చెదురుతాయి. చరణం చివర నేను ఊపిరి తీసుకుంటే నాకోసం ఆగే చెయ్యి మాత్రం ఏ మీటలోనూ లేదు.

సంక్రాంతికి కుర్రాడు వస్తానన్నాడు. ఢోలక్ తాళ్ళు బిగించి ఉంచాను.