తాళంచెవి ఎవరి దగ్గర?

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచే పాకకి నిప్పంటుకుంది. పారిపోకుండా గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది చనిపోయారు.

మా అమ్మమ్మ ఉండే హోమ్‌లో గొలుసుల్లేవు. మతిమరుపు వాళ్లు రోడ్డెక్కుతారని రాత్రిళ్లు గ్రిల్‌కి తాళం వేస్తారు, అంతే. గోడకి ఎర్ర సిలిండర్లు, బాణం గుర్తులు అన్నీ ఉన్నాయి. (బాణాలు చూసి మెట్లు దిగగలిగితే అక్కడెందుకుంటారు?) రాత్రి డ్యూటీలో ఎందరు, తాళంచెవి ఎవరి దగ్గర అని అడిగాను. 30 మందికి ఇద్దరు ఆయాలు. తాళంచెవి కింద వాచ్‌మన్ దగ్గర.

మెట్లు దింపక్కర్లేదు, మంచంతో సహా పొగ రాని పక్క వార్డులోకి తోసి తలుపు మూస్తే ఫైరింజన్ వచ్చేదాకా కాస్త టైమ్ దొరుకుతుంది అన్నాను. మేనేజర్ టేపు తెప్పించారు. మంచం కన్నా తలుపు రెండంగుళాలు చిన్నది.

తాళంచెవి ఇప్పుడు ఆయా మెళ్లో ఉంటోంది. నేను అడగ్గానే అమ్మమ్మ మంచం గ్రిల్ పక్కకి మార్చారు. మిగతా 29 ఎక్కడివక్కడే ఉన్నాయి.