తనంత తాను కొట్టుకొను కణము

పర్చూరు ప్రాంతమున మిరపకోతకు దిగిన కూలిజనములో ఒకతె పాట యెత్తుకొన్నచో తక్కినవారు అందుకొందురు. ఎవరికి తోచినప్పుడు వారు మొదలుపెట్టినచో అది పాట కాదు, గోల. మనుష్యుని గుండెలో కోట్లకొలది కణములు గలవు. వానికిని పాట యెత్తుకొనువారు కావలయును.

ఆ యెత్తుకొనువారి చోటును 1907లో ఇంగ్లండున ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనువారు లోకమునకు తెలిపిరి. ఫ్లాక్ అప్పటి కింకను వైద్యవిద్యార్థియే. కుడి కర్ణికలో పెద్దసిర వచ్చి కలియుచోట నున్న యీ చిన్న కణజాలమునకు సిరాకర్ణికా కణుపని పేరు. నాడులు దీని వేగమును హెచ్చింపను, తగ్గింపను గలవే కాని దెబ్బను పుట్టించునవి కావు. దెబ్బ కణుపులోనే పుట్టును.

ఎట్లు పుట్టును? కణము వెలుపల సోడియము, లోపల పొటాషియము అధికము. లోనికి వచ్చిన సోడియమును కణము ఎడతెగక బయటికి తోడుచుండును. తోడుటకు శక్తి ఏ.టి.పి. అను పదార్థము నుండి వచ్చును. 1929లో దానిని కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడని తెలుగుబాలురు మఱువరాదు.

జఠరికలోని కండరకణము ఒక దెబ్బ కొట్టిన పిదప మఱొకరు తట్టినగాని కదలదు. కణుపులోని కణమున కట్టి విశ్రాంతి లేదు. దెబ్బ ముగిసి లోపలి వోల్టేజి ఋణముగా సుమారు 60 మిల్లీవోల్టులకు దిగగానే, దాని పొరలో సన్నని ద్వారములు కొన్ని తెఱచుకొనును. సోడియము చినుకుచినుకుగా లోనికి కాఱును. తోడిన బావిలో ఊట ఊరినట్లు వోల్టేజి మెల్లగా పైకి వచ్చును. అది హద్దు చేరగానే కాల్షియము ద్వారములు తెఱచుకొనును, మఱల దెబ్బ.

1979లో ఆక్స్‌ఫర్డున హిలరీ బ్రౌన్, డారియో డిఫ్రాన్సెస్కో, డెనిస్ నోబుల్ కుందేలు గుండెపై పరిశోధించి యీ ప్రవాహమును వివరించిరి. ఇట్టి ద్వారములు చాలవఱకు లోపలి వోల్టేజి పైకి వచ్చినపుడు తెఱచుకొనగా, ఇవి క్రిందికి దిగినపుడు తెఱచుకొనుచున్నవి! అందుచే వారు దీనికి ‘వింత ప్రవాహ’మని పేరిడిరి. శాస్త్రజ్ఞులకు హాస్యము తెలియదని యెవరనిరి?

గుండెలోని విద్యున్మార్గము చెడినవారికి యంత్రమే శరణ్యము. 1958లో స్వీడనున ఆర్నే లార్సన్ అనునతని దేహములో మొట్టమొదటి పేస్‌మేకరు నమర్చిరి. అతడు 2001 వఱకు జీవించెను. అంతలో 26 యంత్రములు కావలసివచ్చెను. బ్యాటరీకి ఆయువు కొలది. జీవకణమునే అచ్చట నాటరాదా?

2007లో జపానున షిన్యా యమనక బృందము మానవ చర్మకణములను మూలకణములుగా మార్చినది. అట్టివానిని తగిన పోషణతో పెంచినచో గుండెకణములగును. రెండు వారములు గడువకమునుపే గిన్నెలో అవి తమంత తాము కొట్టుకొనసాగును. చూచినవారికి ఒడలు పులకరించును. కాని చిక్కంతయు అచ్చటనే యున్నది. జఠరిక కణము తనంత తాను కొట్టుకొనుట పసితనము. దాని వింత ప్రవాహము ఇంకను అణగలేదు. నిలుకడ నిచ్చు పొటాషియము ప్రవాహము చాలినంత లేదు. కణుపులో ప్రాణము నిలుపు గుణమే జఠరికలో ప్రాణాంతకము కావచ్చును. 2014లో అమెరికాలోని సియాటిల్ శాస్త్రజ్ఞులు ఇట్టి కణములను కోతుల గుండెలలో నాటిరి. క్రొత్త కండరము పెరిగినది, కాని కొంతకాలము లయ తప్పినది.

కెనడాలోని టొరంటోలో స్టెఫనీ ప్రోట్జ్, గోర్డన్ కెల్లర్ ఆ గుణమునే కోరి, మూలకణముల నుండి కణుపుకణములను వేఱుగా పెంచిరి. ఎలుక గుండెలో అవి పాట యెత్తుకొన్నవని 2017లో ప్రకటించిరి. సియాటిల్ వారి కోరిక దీనికి విరుద్ధము. 2023లో వారు మూడు జన్యువులను తొలగించి, నాలుగవదానిని హెచ్చించిరి. తొలగించినవానిలో వింత ప్రవాహపు జన్యువొకటి. ఆ కణములు గిన్నెలో నిశ్శబ్దముగా నుండెను. విద్యుత్తుతో తట్టినపుడు మాత్రము కొట్టుకొనెను. పందుల గుండెలలో నాటగా, అచ్చటి కణములతో కలిసి వానివెంటనే నడచెను.