పుల్లరి కట్టని అడవి

టీచర్ ట్రైనింగ్‌లో ఉండగా మా మాస్టారు భావకవిత్వం పాఠం చెప్పారు. బోర్డు మీద రాయప్రోలు, కృష్ణశాస్త్రి అని రాసి, 1798లో ఇంగ్లండులో వర్డ్స్‌వర్త్, కోల్రిడ్జ్ ఒక పుస్తకం వేశారనీ, ఆ కాల్పనికోద్యమం గాలే మన దాకా వీచిందనీ చెప్పారు. కవికి అడవిలో కలిసిపోవాలనిపిస్తుందట. నాకు నవ్వొచ్చింది. మా యాడి అడవికి పోయేది పొయ్యిలో కట్టెల కోసం. ఒకసారి ఎవరో గార్డు గొడ్డలి లాక్కుంటే ఏడుస్తూ తండాకొచ్చింది.

నవ్వానే గానీ 'కృష్ణపక్షం' తీసుకుని చదివాను. నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది, దాచడమెందుకు?

తర్వాత థోరో గురించి చదివాను. అమెరికాలో ఎమర్సన్ శిష్యుడు. మనిషి అంతరాత్మ ప్రభుత్వం కంటే పెద్దదని నమ్మిన అతీతవాది. 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున, ఎమర్సన్ స్థలంలోనే గుడిసె వేసుకుని రెండేళ్లు పైచిలుకు ఉన్నాడు. (మనకు గుడిసె వేసుకోమని స్థలమిచ్చే గురువు దొరకడు, అది వేరే సంగతి.) బానిసత్వాన్ని, మెక్సికో మీద యుద్ధాన్ని సాగిస్తున్న సర్కారుకు పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. ఎవరో కట్టేస్తే బయటికొచ్చాడు. దాని మీద ఆయన రాసిన వ్యాసాన్ని గాంధీ దక్షిణాఫ్రికాలో చదివారు.

అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే 1921లో మా పల్నాడులోనూ పన్ను కట్టమన్నారు. పుల్లరి అంటే అడవిలో పశువులు మేపుకున్నందుకు సర్కారుకు కట్టే పన్ను. మించాలపాడు కన్నెగంటి హనుమంతు కట్టలేదు. 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. ఆయన థోరో పేరు విన్నాడని నేననను. కానీ ఆయన అడవిలో పశువులున్నాయి, మనుషులున్నారు. నేను ఇష్టపడ్డ పద్యాల్లో ఆ మనుషులు కనబడరు.

ఇంత తెలిసీ ఒక తప్పు చేశాను. మిరపకోతల రోజుల్లో ఐదో తరగతి పిల్లల్ని ప్రకృతి మీద రాయమన్నాను. తండా పిల్లాడొకడు నాలుగు ముక్కలు రాశాడు. కాయలు కోసొచ్చాక వాళ్ల యాడి చేతులు మండుతాయని, నూనె రాసినా తగ్గదని, అందుకే రాత్రిపూట తనను ముట్టుకోదని. పూలు, పిట్టలు ఏవిరా అని ఎర్రసిరాతో రాసి, పదికి మూడు వేశాను.

ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. మర్నాడు ఆ మూడు కొట్టేసి, అందరి ముందూ చదవమన్నాను. తల దించుకుని చదవనన్నాడు. పక్కన కూర్చున్న పిల్ల నోట్సు లాక్కుని చదివింది. చివరి వాక్యం దగ్గర నలుగురైదుగురు పిల్లలు, "మా అమ్మ కూడా అంతే సార్" అన్నారు.