కుర్చీ లాక్కుని కూర్చున్నవాడు

"మీ ఊరి విశేషాలు రాయండి" అని సంపాదకులు రెండుసార్లు అడిగారు. థురింగియా అడవుల మధ్య ఈ ఇల్మెనౌలో విశేషాలేముంటాయి, ఆసుపత్రి, ఇల్లు, మంచు తప్ప అని తప్పించుకుంటూ వచ్చాము. మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో డాక్టర్లం. ఆరేళ్ళ నుంచీ ఇదే వరస. కానీ 2024 మే నెలలో ఒక వారం గడిచింది. అది మాత్రం చెప్పుకోవలసిందే.

ఒకరోజు ఇక్కడి చర్చి నుంచి ఫోను. ఇండియా నుంచి పాస్టరు శిక్షణకు వచ్చిన యువకుడు ఒక వారం ఈ ఊళ్ళో ఉంటాడట, భాష తెలుగట, మా ఇంట్లో ఉంచుకోగలమా అని. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం కాము. కానీ తెలుగు అన్న మాట చెవిన పడ్డాక కాదనగలమా!

సోమవారం సాయంత్రం స్టేషనులో దిగాడు. గుంటూరు జిల్లా పల్లెటూరి అబ్బాయి, ఇరవై ఆరేళ్ళుంటాయి. పెట్టెలో బట్టలకన్నా ముందు గోంగూర పచ్చడి సీసా బయటికి వచ్చింది. రాత్రి భోజనాల వేళకు "డాక్టరుగారూ" కాస్తా "అన్నయ్యా, వదినా" అయిపోయింది. మర్నాడు బంగాళాదుంపతో చేసే ఇక్కడి క్లోసె వడ్డిస్తే, "వదినా, ఇది మన కుడుమే కదా, కాస్త పచ్చడి పడాలంతే" అన్నాడు. జర్మనులు వింటే ఏమనుకుంటారో గాని, మేము అలాగే తిన్నాము.

బుధవారం చర్చివాళ్ళు అతన్ని రోగుల్ని పలకరించడానికి మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఇక్కడ అది అంత తేలిక కాదు. 1949 నుంచి 1990 దాకా ఇది తూర్పు జర్మనీ. చర్చికి వెళ్ళేవాళ్ళకు చదువుల్లో, ఉద్యోగాల్లో చిక్కులు వచ్చేవి. ఈనాటికీ ఈ ప్రాంతంలో ఎక్కువమందికి ఏ చర్చితోనూ సంబంధం లేదు. మా వార్డులో ఎనభై ఏడేళ్ళ ముసలామె ఉంది. ఒకప్పుడు గాజు కార్ఖానాలో పనిచేసింది. చూడటానికి ఎవరూ రారు. చర్చి పేరు వినగానే "నాకు ప్రార్థనలు అక్కర్లేదు" అని మొహం తిప్పుకుంది. మనవాడు తనకొచ్చిన నాలుగు జర్మన్ మాటలూ కూడగట్టుకుని, "ప్రార్థన లేదు. ఊరికే కూర్చుంటాను" అని కుర్చీ లాక్కున్నాడు. మేము రౌండ్లు ముగించుకొని వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి ఒక్కొక్క చెట్టునూ చూపించి పేరు చెబుతోంది, ఇతను వల్లిస్తున్నాడు.

గురువారం ఉదయం ఆమె మమ్మల్ని అడిగిన మొదటి మాట తన రక్తపరీక్ష గురించి కాదు, "ఆ అబ్బాయి ఎప్పుడొస్తాడు?" అని.

అతను రోజూ వెళ్ళాడు. శుక్రవారం రాత్రి, "అన్నయ్యా, ఆవిడ మీతో చెప్పమంది" అని మొదలుపెట్టాడు. 1945 చలికాలంలో, ఎనిమిదేళ్ళ పిల్లగా, సైలీషియా నుంచి తల్లి చెయ్యి పట్టుకుని మంచులో నడిచి వచ్చిందట. తల్లి దారిలోనే పోయింది. ఆ ప్రాంతం ఇప్పుడు పోలండులో ఉంది, సమాధి ఎక్కడో తెలియదు. ఆమె మా వార్డుకు వచ్చి అప్పటికి పదకొండు రోజులు. ఆమె పొటాషియం ఎంతో, గుండె ఎంత శాతం పనిచేస్తోందో నిద్రలో అడిగినా చెప్పగలం. ఈ సంగతి మాత్రం మాకు తెలియదు. జర్మన్ బాగా వచ్చినవాళ్ళం మేము, రానివాడు అతను!

శనివారం కారులో హాలె వెళ్ళాము. అది చూడాలని అతని కోరిక. 1698లో ఫ్రాంకె స్థాపించిన విద్యాసంస్థల ప్రాంగణం అక్కడ ఇంకా నిలిచి ఉంది. బెంజమిన్ షుల్జ్ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, 1743లో తిరిగి వచ్చాడు. 1746, 47లలో తెలుగు పుస్తకాలు తొలిసారి అచ్చయింది ఇక్కడే. ఆరేళ్ళుగా కారులో రెండు గంటల దూరంలో ఉండి కూడా ఈ మాట ఒక అతిథి చెబితే తెలిసింది. గుంటూరులో లూథరన్ మిషను ప్రారంభించిన హేయర్ కూడా జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లోనే పుట్టాడట. అమెరికా వెళ్ళి, 1842లో గుంటూరు చేరి, తర్వాత 1847లో, యాభై నాలుగేళ్ళ వయసులో, వైద్యపట్టా పుచ్చుకుని మళ్ళీ మన దేశం వచ్చాడు. "ముందు భాష నేర్చుకున్నారు, ఆ తర్వాతే మాట్లాడారు" అన్నాడు మనవాడు. మాకు చెట్ల పేర్లు గుర్తొచ్చాయి.

ఆదివారం మొదటిసారి మేమూ చర్చికి వెళ్ళాము. ముప్పైమంది ఉంటారేమో. "మా ఊళ్ళో ఆదివారం నిలబడటానికి చోటుండదు, ఇక్కడ బెంచీలే ఎక్కువున్నాయి" అని దిగులుపడ్డాడు. బైబిలులో ఒక భాగం తెలుగులో చదివితే ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా అందరూ నిశ్శబ్దంగా విన్నారు. మధ్యాహ్నం కికెల్‌హాన్ కొండ ఎక్కాము. 1780లో గోథే తన చిన్న పద్యాన్ని చెక్కగోడ మీద రాసిన గుడిసె అక్కడ ఉంది. అసలుది 1870లో కాలిపోతే మళ్ళీ కట్టారు. దాని ముందు కూర్చునే గుంటూరులో అమ్మకు ఫోను చేశాము. ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. ఒక్కతే ఉంటుంది. బీపీ ఎంత, షుగరు ఎంత, మాత్రలు వేసుకున్నావా అని మామూలు ప్రశ్నలన్నీ అడిగి పెట్టేశాము. అబ్బాయి గడియారం చూడలేదు గాని, "అయిపోయిందా అన్నయ్యా?" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. సోమవారం రైలెక్కుతూ అమ్మ చిరునామా రాయించుకున్నాడు.

ఆగస్టులో అమ్మే ఫోను చేసింది. "మీరు పంపిన పిల్లాడు వచ్చాడర్రా. రెండు గంటలు కూర్చున్నాడు. మీ నాన్నగారి సంగతులు చెప్పించుకున్నాడు. మందుల ఊసే ఎత్తలేదు!" ఆ గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో.

ముసలామె జూన్‌లోనే పోయింది. ఆ చివరి రోజుల్లో మా ఇద్దరిలో ఎవరో ఒకరం డ్యూటీ దిగాక ఆమె పక్కన కాసేపు కూర్చున్నాము. చెట్ల పేర్లు మాకూ చెప్పింది.

ఇప్పుడు అమ్మతో మాట్లాడేటప్పుడు బీపీ ప్రశ్న చివరికి జరిపాము. ఒక్కోసారి మరిచిపోతున్నాము కూడా. మన సంఘంలో డాక్టర్లు చాలామందే ఉన్నారు. మీ ఇళ్ళలో ఆదివారం ఫోను ఎలా సాగుతుందో మేము చెప్పనక్కర్లేదు.