ఎండ పడనివారు

ఎండాకాలమంటే అయిష్టం నంద్యాల ప్రాంతంలో కొత్త సంగతేమీ కాదు. శివరాత్రి దాటి రెండు వారాలు గడిచేసరికి ఆసుపత్రికి వచ్చేవారి మాటల్లో అది వినిపిస్తుంది. “ఎండకు తాళలేకున్నా సార్” అని ఒకరు, “ఈ మూడు నెల్లు ఎట్లన్నా గడిస్తే చాలు” అని మరొకరు, “చలికాలమొస్తే నాకు మందులే అక్కర్లేదు” అని ఇంకొకరు చెబుతారు. అందరూ చెప్పేదే కాబట్టి వైద్యులు దాన్ని చీటీ మీద రాయరు. రాయవలసిన మాటే అది. నిరుటి దాకా ఎండను లెక్కచేయకుండా పొలంలో నిలబడిన మనిషి ఈ ఏడు ఇంట్లో కూర్చుని కూడా ఓర్వలేకపోతున్నాడంటే, ఒంట్లో ఏదో మారింది. ఆ మార్పు ఏమిటో కనుక్కోవడం వైద్యుని పని.

ఇక్కడ ఎండ ఎక్కువ కావడానికి కారణాలు నేల తీరులోనే ఉన్నాయి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది పారే లోయ. ఆ లోయలో నంద్యాల, దానికి దక్షిణంగా జాతీయ రహదారి మీద ఆళ్లగడ్డ. సముద్రమట్టానికి నంద్యాల ఎత్తు సుమారు 200 మీటర్లే. అనంతపురం, మదనపల్లె ఇంతకంటే ఎత్తున ఉన్నాయి. సముద్రపు గాలి ఇక్కడిదాకా రాదు. పైరు తీసిన నల్లరేగడి, బేతంచెర్ల వైపు సున్నపురాతి నేల పగలంతా కాగుతూనే ఉంటాయి. మే నెలలో 44, 45 డిగ్రీలు ఇక్కడివారికి అలవాటైన లెక్క. మైదానాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైనా, లేదా ఏకంగా 45 డిగ్రీలను తాకినా వాతావరణ శాఖ వడగాలులుగా లెక్కిస్తుంది. 2015 మే నెలలో వీచిన వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే.

మనిషి ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలి. చర్మం వేడి 34, 35 డిగ్రీలుంటుంది. గాలి అంతకంటే చల్లగా ఉన్నంత వరకు ఒంట్లోని వేడి గాలిలోకి పోతుంది. గాలి 40 డిగ్రీలు దాటాక బయటి వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలే ఉపాయం చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. నంద్యాల గాలి పొడిది కాబట్టి చెమట కనబడకముందే ఆరిపోతుంది. ఒంటిని చల్లబరచడానికి అది మంచిదే, కానీ ఎంత నీరు పోయిందో మనిషికి తెలియనివ్వదు. బందరులో ఎండలో తిరిగినవారి చొక్కా తడిసి ముద్దవుతుంది. ఇక్కడ సాయంత్రానికి చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చార మాత్రమే మిగులుతుంది. “నాకు చెమటే పట్టదు సార్” అని చెప్పేవారిలో చాలామందికి ఆ చార ఉంటుంది.

ఎండకు అలవాటు పడటానికి ఒంటికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ లోపల చెమట త్వరగా మొదలవడం, అందులో ఉప్పు తగ్గడం, రక్తంలో నీటి భాగం పెరగడం జరుగుతాయి. మహానంది కోనేటి నీళ్లు ఎండాకాలంలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటాయని భక్తులు చెప్పుకుంటారు. భూగర్భం నుంచి ఊరే నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, మారేది దాన్ని తాకే ఒళ్లు. ఎండ విషయంలోనూ అంతే. మే నెలలో 43 డిగ్రీలను తట్టుకునే కూలీ మార్చి చివర్లో 40 డిగ్రీలకే కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఏసీ గదిలో ఏడాదంతా ఉండి సెలవులకు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చినవారిది ఇంకా కష్టం. సొంత ఊరి ఎండ అని వారు జాగ్రత్తపడరు.

ఇళ్లు కూడా మారాయి. ఈ ప్రాంతపు పాత మట్టిమిద్దెల్లో పైకప్పు మందంగా ఉండి పగటి వేడిని లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పటి కాంక్రీటు స్లాబు పగలు తాగిన వేడిని రాత్రి పడుకున్నవారి మీదికి వదులుతుంది. నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి. అది తగ్గక తెల్లవార్లూ మేలుకునేవారికి మరుసటి పగలు తలనొప్పి, చిరాకు, గుండె దడ. ఎండ పడదని చెప్పేవారిలో సగం బాధ నిద్రలేమిదే. వీరికి మాత్రల కంటే మిద్దె మీద సున్నం పూత, సాయంత్రం మిద్దె తడపడం ఎక్కువ పనిచేస్తాయి.

ఆళ్లగడ్డ శిల్పులకు ఎండాకాలంలో వచ్చే బాధ వేరు. రహదారి పక్కన రేకుల షెడ్ల కింద రాళ్ల నడుమ రోజంతా ఉలి పట్టుకు కూర్చుంటారు. చేతిలో పని ఆపి లేవాలంటే ఇష్టముండదు కాబట్టి నీళ్లు తక్కువ తాగుతారు. మూత్రం చిక్కబడితే అందులోని లవణాలు గడ్డకట్టి రాళ్లవుతాయి. మే, జూన్ నెలల్లో అర్ధరాత్రి నడుము పక్క నుంచి గజ్జల దాకా పొడిచే నొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చేవారిలో రాతిపనివారు, ట్రాక్టరు డ్రైవర్లు, హోటల్ పొయ్యి దగ్గర వంటవారు ఎక్కువగా కనిపిస్తారు. ఆ నొప్పికంటే ప్రమాదకరమైనది వారికి అలవాటైన నొప్పి సూది. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి డైక్లోఫెనాక్ వంటి మందు రోజూ పడితే మూత్రపిండాలకు రక్తం అందక అవి దెబ్బతింటాయి. ఒళ్లు నొప్పులకు వారం రోజులు సూదులు వేయించుకుని, చివరకు మూత్రం ఆగిపోయి డయాలసిస్ దాకా వెళ్లిన కూలీల కేసులు ఎండాకాలపు వార్డుల్లో ఉంటాయి. వీరిని కాపాడేది మూత్రం రంగు. అది లేత పసుపులో ఉండేటట్టు తాగాలి. ఎండలో పని ముగించిన మనిషి నొప్పి మాత్ర అడిగితే, ఉదయం నుంచి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్లాడో అడిగిన తర్వాతే మందు రాయాలి.

ఎండ పడకపోవడం జబ్బుకు మొదటి గుర్తయ్యే సందర్భాలున్నాయి. మధ్యవయసు గృహిణి ఒకరు రెండు ఎండాకాలాలుగా ఫ్యాను కింద నుంచి కదలలేకపోతున్నానని, ఇంట్లోవాళ్లకు మామూలుగా ఉన్న వేడి తనకు మంటలా ఉందని చెప్పారు. వయసు మార్పు అనుకున్నారు. నిజానికి ఆ వయసులో నెలసరి ఆగే ముందు వచ్చే ఆవిర్లు కూడా ఇలాగే ఉంటాయి. అయితే ఆమె బాగా తింటూనే చిక్కిపోయారు, చేతులు వణుకుతున్నాయి, చలికాలంలోనూ దుప్పటి అక్కర్లేదు. ఆ చివరి మాటే దారి చూపింది. పరీక్షలో థైరాయిడ్ హార్మోన్ ఎక్కువగా ఉన్నట్టు తేలింది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు అదే ఇల్లు, అదే ఎండ ఆమెకు సహించాయి.

మందుల వల్ల ఎండ పడనివారిని గుర్తించడం ఇంకా అవసరం. మానసిక వ్యాధికి ఏళ్ల తరబడి మందులు వాడుతున్న ఒక పెద్దాయనను మే నెలలో ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఆసుపత్రికి తెచ్చారు. ఆయన ఆ రోజు గడప దాటలేదు. ఇంట్లోనే ఉన్నవారికి వడదెబ్బ ఎలా తగులుతుందని కుటుంబం అడిగింది. ఆయన వాడే మందుల్లో ఒకటి మెదడులోని వేడిని అదుపు చేసే భాగాన్ని మందగింపజేస్తుంది. చేతి వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను ఆపుతుంది. పైన స్లాబు, తలుపులు మూసిన గది, దాహమైతే చెప్పని మనిషి. ఇవన్నీ కలిసినప్పుడు వడదెబ్బ తగలడానికి ఎండలోకి వెళ్లనవసరం లేదు. బీపీకి వాడే మూత్రం మాత్రలు, బీటా బ్లాకర్లు, అలర్జీకి వాడే పాత రకం మందులు, మధుమేహానికి మూత్రంలో చక్కెరను పంపే కొత్త మాత్రలు కూడా ఎండ ఓర్పును తగ్గిస్తాయి. వాటిని ఎవరూ సొంతంగా ఆపకూడదు. ఏప్రిల్‌లో ఒకసారి చీటీ మొత్తం వైద్యునికి చూపాలి.

మధుమేహం ముదిరినవారిలో నరాలు దెబ్బతిని కాళ్లకు చెమట పట్టదు, స్పర్శా ఉండదు. యాగంటిలోనో మహానందిలోనో మిట్టమధ్యాహ్నం ఉత్తకాళ్లతో బండల మీద ప్రదక్షిణ చేసి, సాయంత్రం పాదాల నిండా బొబ్బలతో వచ్చినవారు నొప్పి లేదనే చెబుతారు. నొప్పి లేకపోవడమే అక్కడ ఉన్న జబ్బు. అలాంటి పుండు వేళ్లు తీసేసే దాకా పోతుంది. వీరు దర్శనానికి తెల్లవారుజామునే వెళ్లాలి. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఇన్సులిన్ సీసాను నీళ్లు తాకని డబ్బాలో పెట్టి, తడిపిన మట్టికుండలో ఉంచితే ఎండకు పాడవకుండా కాపాడుకోవచ్చు.

చెప్పవలసిన మరో కేసు ఒక పిల్లవాడిది. పుట్టినప్పటి నుంచి ప్రతి ఎండాకాలమూ జ్వరం. టైఫాయిడ్ అని, మలేరియా అని, అంతుపట్టని జ్వరమని ఎన్నో పరీక్షలు, యాంటీబయాటిక్‌లు అయ్యాయి. చలికాలంలో ఒక్కసారీ జ్వరం రాలేదని తల్లి చెప్పింది. నోట్లో నాలుగైదు పళ్లే ఉన్నాయి, అవీ మొనదేలి ఉన్నాయి. జుట్టు పలచన, చర్మం పొడి. చెమట గ్రంథులు లేకుండానో, చాలా తక్కువగానో పుట్టే జన్యులోపం ఇది. ఎక్కువ కుటుంబాల్లో తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది. అతనికి జ్వరమాత్ర ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే అది జ్వరం కాదు, బయటికి పోలేని వేడి. తడి బనీను, నీళ్ల సీసా, బడిలో కిటికీ పక్కన చోటు, ఎండలో ఆటలు వద్దని ఉపాధ్యాయునికి ఒక ఉత్తరం. వైద్యం అంతే. చలికాలం కోసం ఇంతగా ఎదురుచూడవలసిన బాల్యం మరొకటి ఉండదు, ఆ ఎదురుచూపుకు కారణం ఏళ్ల తరబడి ఎవరూ అడగకపోవడం బాధాకరం.

మనసు సంగతి కూడా ఉంది. రుతువును బట్టి వచ్చే కుంగుబాటును 1984లో అమెరికా వైద్యుడు నార్మన్ రోసెంథాల్, ఆయన సహచరులు వివరించారు. అది చలిదేశాల్లో శీతాకాలపు చీకటికి సంబంధించినది. అది ఎండాకాలంలోనూ వస్తుందని 1987లో థామస్ వేర్, ఆయన బృందం రాశారు. రెండింటి తీరు వేరు. చలికాలపు కుంగుబాటులో మనిషి ఎక్కువ నిద్రపోతాడు, ఎక్కువ తింటాడు. ఎండాకాలపు దానిలో నిద్ర, ఆకలి రెండూ పోయి, ఒకచోట నిలవలేని ఆందోళన ఉంటుంది. ఏటా ఏప్రిల్‌లో మొదలై, వానలు పడి చల్లబడగానే తగ్గే ఇలాంటి బాధను ఇంట్లోవారు కోపిష్టితనం కింద కొట్టేస్తారు. వరుసగా రెండు మూడేళ్లు అదే నెలల్లో వస్తే అది స్వభావం కాదు, చికిత్స ఉన్న జబ్బు. చావు ఆలోచనలు వస్తున్నాయేమో నెమ్మదిగా అడగడానికి వెనకాడకూడదు.

వడదెబ్బ గురించి తెలిసినవే అయినా కొన్ని మాటలు తప్పవు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. పని చేస్తూ పడిపోయినవారికి చెమట పడుతూనే ఉండవచ్చు, అంతమాత్రాన కాదనుకోకూడదు. 108కు ఫోన్ చేసి, అది వచ్చేలోపు నీడలోకి చేర్చి, బట్టలు తీసి, ఒళ్లంతా తడిపి, గాలి తగలనివ్వాలి. చంకల్లో, గజ్జల్లో మంచు పెట్టాలి. మొదటి అరగంటలో చల్లబరిస్తే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. పారాసిటమాల్ ఇక్కడ పనిచేయదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. తెలివితో ఉన్నవారికి ఒక లీటరు నీటిలో ఒక ఓఆర్ఎస్ పొట్లం మొత్తం కలిపి ఇవ్వాలి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు దానికి బదులు కావు. ఆరు నెలలలోపు పసివారికి ఎంత ఎండలోనైనా తల్లిపాలే చాలు.

మృగశిర కార్తెతో ఊరట మొదలైనా, ఇక్కడివారు ఎదురుచూసేది కార్తీకం తర్వాతి నెలల కోసం. కనుమ నాటి నుంచి అహోబిలం నరసింహస్వామి పార్వేట పేరిట ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లకు వచ్చేదీ, జనం రాత్రుళ్లు హాయిగా తిరిగేదీ ఆ చల్లటి రోజుల్లోనే. రాత్రి పది డిగ్రీల దాకా దిగడం కూడా అరుదైన ఈ నేలలో చలి కీడు చేస్తుందని ఎవరికీ తోచదు. కానీ 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, దేశం మొత్తం మీద తీవ్రమైన ఎండ కంటే ఓ మోస్తరు చలికి సంబంధించిన మరణాలే ఎక్కువ. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం పెరిగేది అప్పుడే. ఆస్తమా ఉన్నవారికి, రాతిధూళి ఊపిరితిత్తులకు పట్టిన శిల్పులకు దగ్గు, ఆయాసం ముదిరేదీ అప్పుడే.

ఎండాకాలం పడనివారికి ఈ ప్రమాదం ఎక్కువగా పొంచి ఉంటుంది. మే నెలలో కళ్లు తిరుగుతున్నాయని వచ్చిన రైతుకు బీపీ తక్కువగా ఉంటే మూత్రం మాత్ర ఆపుతారు, అది సరైనదే. వానలు వస్తాయి, ఒళ్లు తేలికపడుతుంది, తనకు మంచి కాలం వచ్చిందని అతను ఆసుపత్రి వైపు రాడు. ఆ మాత్ర మళ్లీ మొదలుపెట్టకుండానే డిసెంబరు వస్తుంది. ఒక తెల్లవారుజామున నోరు వంకరపోయి, కుడి చెయ్యి లేవని స్థితిలో అతన్ని తీసుకొస్తారు. ఇలాంటి పక్షవాతాలు ఆపగలిగినవి. ఎండాకాలంలో బీపీ మాత్ర తగ్గించుకున్న ప్రతి ఒక్కరూ దీపావళి దాటగానే, ఎంత హాయిగా ఉన్నా సరే, ఒకసారి బీపీ చూపించుకుని ఆ మాత్ర మళ్లీ కావాలేమో వైద్యుణ్ని అడగాలి.