బావి నేర్పిన రెండు అలవాట్లు



మా ఆత్మకూర్ (ఎస్) వైపు పెరిగిన వారికి ఈత నేర్పింది వ్యవసాయ బావులే. నడుముకు బెండు కట్టుకొని దూకేవాళ్ళం. ఈత వచ్చాక ఒకటే పందెం: ఊపిరి బిగబట్టి అడుగు దాకా మునిగి, గుప్పెడు మట్టి పైకి తేవాలి. మట్టి చూపించనివాడు మునిగినట్టు కాదు. నలభై దాటిన తరువాత అండమాన్ సముద్రంలో మునిగినప్పుడు ఈ రెండు అలవాట్లే మాకు అడ్డు వచ్చాయి.

2023 జనవరిలో మేము దంపతులం, పదిహేనేళ్ళ మా అబ్బాయి విమానంలో పోర్ట్‌బ్లెయిర్ చేరాము. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడి బజారులో శ్రీకాకుళం యాస వినబడుతుంటే పరాయి ఊరికి వచ్చినట్టే అనిపించలేదు. అక్కడి నుండి ఓడలో రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే హావ్‌లాక్ ద్వీపం. దానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు.

ఆమె ఒడ్డునే ఉంటానన్నది. మా ఇద్దరికీ వీపున గాలి సిలిండరు, ముఖానికి అద్దం, కాళ్ళకు రబ్బరు రెక్కలు తగిలించి, మోకాలి లోతు నీటిలో పాఠం చెప్పారు. నీటి కింద మాటలుండవు, సైగలే. బొటనవేలు పైకెత్తితే ‘బాగుంది’ అని కాదు, ‘పైకి వెళ్దాం’ అని అర్థం. చెవులు నొప్పి పెట్టకముందే ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి. అన్నిటికంటే పెద్ద నియమం: ఊపిరి ఎన్నడూ బిగబట్టరాదు. పది మీటర్ల లోతున పీడనం ఒడ్డున ఉన్న దానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది రెట్టింపుగా ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు.

సుమారు ఎనిమిది మీటర్ల లోతుకు దిగాము. మొక్క కుచ్చుల వంటి సముద్రపు ఎనిమోన్ల నడుమ నారింజ రంగు క్లౌన్ చేపలు ఆడుతున్నాయి. ఎనిమోన్ కుట్టే జీవి. కాని ఒంటిమీది జిగురు ఈ చేపను కాపాడుతుంది. చిలుక చేపలు పగడాన్ని కొరికే చప్పుడు చెవులకు తెలిసింది. అవి నమిలి విసర్జించినదే ఆ తీరాల తెల్లని ఇసుకలో చాలా భాగం.

ఇంతలో అద్దంలోకి కొంచెం నీరు వచ్చింది. అంతే, పాఠమంతా మరిచి, బావిలోలాగే ఊపిరి బిగబట్టి కాళ్ళు కొట్టుకున్నాము. నేర్పే కుర్రవాడు పట్టీ పట్టుకొని ఆపాడు. కాని అప్పటికే మా రబ్బరు రెక్క తగిలి ఒక పగడపు కొమ్మ విరిగిపడింది.

పగడం రాయి కాదు, చిన్న చిన్న జీవుల కాపురం. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచు వాటికి ఆహారం, రంగు ఇస్తుంది. బండల్లా పెరిగే కొన్ని రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగవు. నీరు మామూలు కన్నా వేడెక్కితే నాచు వెళ్ళిపోయి పగడం తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే చనిపోతుంది. 2010లోను, 2016లోను అండమాన్‌లో ఇలా జరిగింది. మేము చూసినచోట సగం రంగుల తోట, సగం బూడిద. ఆ బూడిద పక్కన బ్రతికి ఉన్నదాన్ని విరిచామన్న బాధ ఇప్పటికీ పోలేదు.

సాయంత్రం ఒడ్డున మా అబ్బాయి ఒక తెల్లని పగడపు ముక్క ఏరాడు. “నాన్నా, మునిగామంటే ఊళ్ళో ఎవరు నమ్ముతారు?” అన్నాడు. చిన్ననాటి గుప్పెడు మట్టి గుర్తుకొచ్చింది. పగడాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్నది, చచ్చిన ముక్కనైనా తీసుకుపోకూడదు. ఆ మాట చెప్పి, పొద్దున మా కాలు చేసిన పని కూడా దాచకుండా చెప్పాము. వాడు కాసేపు మౌనంగా ఉండి, ముక్కను నీటిలో వదిలాడు.

వెళ్ళాలనుకునేవారికి రెండు మాటలు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారు ముందు డాక్టరును అడగండి. జలుబు ఉంటే ఆ రోజు దిగవద్దు. మునిగిన తరువాత కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కవద్దు.

ఊరికి వచ్చాక అందరూ, “ఏం తెచ్చారు?” అన్నారు. చూపించడానికి మా చేతుల్లో ఏమీ లేదు. చెప్పడానికి మాత్రం చాలా ఉంది.