ప్రతిబింబాలు

నిత్యజీవితంలో ప్రతిబింబాలు మనకు అడుగడుగునా ఎదురవుతూనే ఉంటాయి. వాన వెలిసిన వీధిలోని నీటిగుంట, ఆగిన బస్సు కిటికీ అద్దం, ఇంటి ముంగిట నీళ్ళు నింపిన గంగాళం ఇవన్నీ లోకాన్ని మరొకమారు మనకు చూపుతాయి. నిలిచి చూచేవారు మాత్రం అరుదు.

హైదరాబాదు మక్కా మసీదు ఆవరణలోని హౌజు గట్టున కూర్చున్నప్పుడు ఒక విషయం గమనించాను. తలవంచి తిన్నగా చూస్తే నీటి లోతు కనిపించింది. కన్నెత్తి ఏటవాలుగా చూస్తే అదే నీటిలో ఆకాశం కనిపించింది. నిట్టనిలువుగా పడిన కాంతిలో నీరు రమారమి 2 శాతం మాత్రమే వెనుకకు పంపుతుంది. ఏటవాలు పెరిగినకొలదీ ప్రతిఫలనం అధికమవుతుంది. వస్తువుల నుండి వచ్చిన కాంతి కంటిని చేరడం వల్లనే చూపు కలుగుతుందని 11వ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైతమ్ ‘కితాబ్ అల్ మనాజిర్’ అనే గ్రంథంలో వివరించాడు. నీరు ఒక్కటే, మన చూపు కోణాన్ని బట్టి దృశ్యం మారుతుంది.

అద్దంలో మరొక విశేషం కలదు. ఎడమ నుండి కుడికి సాగే తెలుగు అక్షరాలు అందులో ఉర్దూ వలె కుడి నుండి ఎడమకు నడుస్తాయి. ఉర్దూ పంక్తి తెలుగు దారి పడుతుంది. ఒకే సంచికను ఇరువైపుల నుండి తెరచి చదువుకొనే మనకు ఇది బోధపడడం కష్టం కాదు. ఎదుటివాని నడక మనకు తలక్రిందులుగా తోచినప్పుడు, మన నడక కూడా అతనికి అట్లే తోస్తుంది.

కనుక మిత్రులారా, ఒక మనిషిని గూర్చి తీర్పు చెప్పబోయే ముందు మనం ఎక్కడ నిలిచి చూస్తున్నామో ఆలోచించుకోవాలి. ఒక్క అడుగు వెనుకకు వేస్తే, బురద అనుకొన్న చోటనే ఆకాశం కనిపించవచ్చు.